గోదావరి పేరుతో మూడు నౌకలు

భారత నౌకాదళంలో యుద్ధనౌకలకు నదుల పేర్లు, పర్వతాల పేర్లు, ఆయుధాల పేర్లు పెట్టే ఆచారం బ్రిటిషువారి కాలం నుంచీ వస్తున్నది. ఓడ పాతబడి విధుల నుంచి తొలగినా దాని పేరు పోదు. కొన్నేళ్లకు మరొక ఓడకు ఆ పేరు పెడతారు. తాతగారి పేరు మనుమడికి పెట్టుకొనే సంప్రదాయం వంటిదే ఇదీను. ఆ విధంగా "గోదావరి" అనే పేరును మూడు యుద్ధనౌకలు ధరించాయి. మొదటిది పరాయి ప్రభుత్వం పరాయి దేశంలో కట్టించినది. రెండవది అరువు తెచ్చుకొన్నది. మూడవది ముంబయిలో, భారతీయులు గీసిన నమూనాతో తయారైన ఫ్రిగేట్. ఈ వ్యాసానికి ప్రధాన విషయం ఆ మూడవదాని సేవాచరిత్రే. అయితే తొలి రెండింటి సంగతి తెలియనిదే మూడవదాని విలువ పూర్తిగా బోధపడదు.

నాసిక్ సమీపాన త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టిన గోదావరి, మహారాష్ట్రను దాటి, తెలంగాణను తడిపి, ఆంధ్రదేశంలో పాయలై, యానాం చెంత సముద్రాన్ని చేరుతుంది. మహారాష్ట్రలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ పేరు పుట్టినింటిదీ అవుతుంది, మెట్టినింటిదీ అవుతుంది. మూడవ గోదావరి నౌక నిర్మాణం జరిగిన మజగావ్ నౌకాశాల కూడా, ఒకనాడు నైజాం ప్రాంతం నుంచి వలస వచ్చిన తెలుగు శ్రామికులు నివాసాలు ఏర్పరచుకొన్న కామాఠీపురకు ఏమంత దూరం కాదు.

మొదటి గోదావరి రెండవ ప్రపంచయుద్ధ కాలపు ఓడ. ఇంగ్లండులోని సౌతాంప్టన్ వద్ద థార్నీక్రాఫ్ట్ కంపెనీ దానిని నిర్మించింది. 1943 జనవరిలో జలప్రవేశం చేసి, ఆ ఏడాది జూన్‌లో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. స్లూప్ అనే తరగతికి చెందిన చిన్న నౌక. వర్తకపు ఓడల వరుసలకు కాపలాగా నడవడం, జలాంతర్గాములను వెదికి వేటాడడం దాని పని. ఆ రోజుల్లో జర్మన్ జలాంతర్గాములు హిందూమహాసముద్రం వరకూ వచ్చి సరకుల ఓడలను ముంచుతూ ఉండేవి. వాటిలో యు-198 అనేది ఒకటి. 1944 ఆగస్టులో దానికోసం విమానవాహక నౌకలతోనూ కాపలా నౌకలతోనూ పెద్ద గాలింపు జరిగింది. ఆగస్టు 12న సీషెల్స్ దీవుల సమీపంలో బ్రిటిష్ ఫ్రిగేట్ ఫిండ్‌హార్న్, భారతీయ స్లూప్ గోదావరి కలిసి దానిని ముంచివేశాయి. జలాంతర్గామిలోని 66 మందిలో ఒక్కరూ బతకలేదు. విజయమే అయినా, అరవై ఆరు ప్రాణాలు ఒక్కసారిగా నీటి అడుగుకు పోయిన సంఘటనను గొప్పగా చెప్పుకోవడానికి ఏ నావికుడికీ మనసొప్పదు. ఆ ఓడ తన విధి తాను నిర్వర్తించిందని మాత్రం చెప్పవచ్చు.

1947లో దేశంతోపాటు నౌకాదళమూ విభజనకు గురైంది. ఆరు స్లూపులలో నాలుగు భారతదేశానికి, రెండు పాకిస్థానుకు అని తేల్చారు. సట్లెజ్, జమున, కృష్ణ, కావేరి ఇక్కడ నిలిచాయి. నర్మద, గోదావరి అటు వెళ్లాయి. అక్కడ నర్మదకు జీలం అనీ, గోదావరికి సింధ్ అనీ కొత్త పేర్లు పెట్టారు. పంపకాల పట్టికలో నదుల భూగోళానికి చోటుండదు మరి! కృష్ణమ్మ పేరు మిగిలి గోదావరి పేరు పోయిన ఆ పంపకం సంగతి తెలుగునాట కూడా ఎందరి దృష్టికి వచ్చిందో చెప్పలేము. సింధ్ అయిన ఆ ఓడ 1959 వరకు పాకిస్థాన్ నౌకాదళంలో పనిచేసింది.

స్వతంత్ర భారతదేశానికి సుదీర్ఘమైన తీరం ఉన్నది గాని, దానిని కాపాడే ఓడలు చాలవు. కొత్తవి కట్టే శక్తి లేదు, కొనే ధనమూ తక్కువ. అందుచేత 1953లో బ్రిటన్ నుంచి "హంట్" తరగతికి చెందిన మూడు పాత డిస్ట్రాయర్లను అరువుగా తెచ్చుకొన్నారు. వాటికి గంగ, గోమతి, గోదావరి అని పేర్లు పెట్టారు. ఈ రెండవ గోదావరి అంతకుముందు గడిపిన జీవితం ఒక నవలకు సరిపోతుంది. అసలు పేరు బీడేల్. 1941లో జలప్రవేశం చేసిన తరువాత, తమ దేశాన్ని జర్మన్లు ఆక్రమించుకోగా బ్రిటన్‌లో తలదాచుకొన్న పోలండ్ నావికులకు దానిని అప్పగించారు. వారు దానికి శ్లోంజాక్ అని పేరు పెట్టుకొన్నారు. 1942 ఆగస్టులో ఫ్రాన్స్ తీరాన దియెప్ రేవుపై జరిగిన దాడి ఘోరంగా విఫలమైనప్పుడు, ఆ ఓడ తీరానికి దగ్గరగా వెళ్లి కెనడా సైనికులను నీళ్లలోంచి పైకి తీసింది. మరుసటి ఏడు సిసిలీలోనూ, 1944 జూన్‌లో నార్మండీలోనూ సేనలు తీరానికి దిగినపుడు వాటికి అండగా ఫిరంగులు పేల్చింది. ఇంత చూసిన ఓడ చివరికి భారతదేశానికి వచ్చి గోదావరి అయింది. అరువు గడువు తీరాక ప్రభుత్వం దానిని కొనివేసింది. 1976లో మాల్దీవుల వద్ద నేలతట్టి దెబ్బతిన్నది. 1979 నాటికి దానిని తుక్కుకు పంపివేశారు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ముంబయిలో మూడవ గోదావరి రూపు దిద్దుకొంటున్నది.

దాని పుట్టుకకు మూలం 1971 యుద్ధంలో ఉంది. ఆ యుద్ధంలో భారత నౌకాదళానికి రెండు అనుభవాలు కలిగాయి. డిసెంబరు 4 రాత్రి చిన్న చిన్న క్షిపణి పడవలు కరాచీ దాకా వెళ్లి, సోవియట్ క్షిపణులతో శత్రునౌకలను ముంచి తిరిగి వచ్చాయి. ఫిరంగుల కాలం మారిపోయిందని ఆ రాత్రి తేలిపోయింది. అయిదు రోజుల తరువాత, డిసెంబరు 9న, డయ్యూ సమీపంలో ఖుక్రీ అనే ఫ్రిగేట్‌ను పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో కొట్టి ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. దాగి ఉన్న జలాంతర్గామిని దూరం నుంచే పసిగట్టే సోనార్ పరికరం ఎంత అవసరమో, దాని మీదికి ఎగిరి వెళ్లే హెలికాప్టర్ ఎంత అవసరమో ఆ నష్టం చెప్పింది. క్షిపణులూ ఉండాలి, హెలికాప్టర్లూ ఉండాలి, సముద్రం మధ్యకు వెళ్లి చాలాకాలం నిలువగల దేహమూ ఉండాలి. అటువంటి ఫ్రిగేట్ నౌకాదళం వద్ద అప్పటికి లేదు.

ఉన్నవాటిలో మేలైనవి నీలగిరి తరగతి ఫ్రిగేట్లు. బ్రిటిషువారి లియాండర్ నమూనా ప్రకారం మజగావ్‌లో వాటి నిర్మాణం సాగుతూ ఉండేది. మొదటిది నీలగిరి, 1972 జూన్ 3న నౌకాదళంలో చేరింది. తరువాత హిమగిరి, ఉదయగిరి, దునగిరి, తారగిరి, వింధ్యగిరి వచ్చాయి. అంతకుముందు దేశంలో నౌకాదళానికి తయారైనవి చిన్న తరహా ఓడలు, సహాయక నౌకలు మాత్రమే. విశాఖపట్టణంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు 1964లో అందించిన దర్శక్ అనే సర్వే నౌక వాటిలో చెప్పుకోదగినది. నీలగిరి కట్టడంతో మజగావ్ పనివారి చేయి పెద్ద యుద్ధనౌకల మీద తిరిగింది. ఆరు ఓడల్లోనూ ఒకదానికంటె ఒకటి కొంత మారుతూ వచ్చింది. చివరి రెండింటిలో పెద్ద సీకింగ్ హెలికాప్టర్‌కు చోటు కల్పించారు. అయినా అది పరాయివారి నమూనాయే. కుట్టుపని ఇక్కడిది, కత్తిరింపు అక్కడిది అన్నట్టు. నౌకాదళంలోని నమూనా విభాగం అంతదాకా అంత పెద్ద యుద్ధనౌకకు తానై రూపకల్పన చేయలేదు.

కొత్త ఓడకు నౌకాదళం కోరినవన్నీ చేర్చి చూస్తే నీలగిరి దేహం చాలదని తేలింది. రెండు హెలికాప్టర్లు నిలవాలంటే వెనుక భాగం పెరగాలి. క్షిపణులకు ముందుభాగం పెరగాలి. చివరకు కుదిరిన కొలతల ప్రకారం నీలగిరి 113 మీటర్ల పొడవయితే గోదావరి 126.5 మీటర్లు, వెడల్పు 14.5 మీటర్లు, పూర్తి భారంతో మూడువేల ఎనిమిది వందల టన్నులకు పైమాటే. ఇంత పెద్ద ఓడను నడపడానికి కొత్త యంత్రాలు కావాలంటే వాటిని విదేశాల నుంచి కొనాలి. దానికి విదేశీ మారకద్రవ్యం కావాలి, ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఆ కారణంగా రూపకర్తలు సాహసమైన నిర్ణయం తీసుకొన్నారు. నీలగిరిని నడిపిన ముప్పయివేల అశ్వశక్తి ఆవిరి యంత్రాలతోనే గోదావరినీ నడపాలన్నారు.

బండి బరువు పెంచి అవే ఎడ్లను కట్టినట్టు ఉన్నదని ఎవరికైనా తోచడం సహజం. కాని నీటి మీద లెక్క వేరు. ఓడ వేగంగా వెళ్లినకొద్దీ అది లేపే అలలే దానిని వెనక్కు లాగుతాయి. పొడవు పెరిగినకొద్దీ ఆ లాగుడు, అదే వేగం వద్ద, తగ్గుతుంది. అదీగాక ఓడకు కావలసిన శక్తి ఇంచుమించు వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే గరిష్ఠ వేగంలో చివరి ఒకటి రెండు నాట్ల కోసం వెచ్చించే శక్తి అపారం. వాటిని వదులుకోవడానికి సిద్ధపడితే అదే యంత్రం చాలా పెద్ద ఓడను నడుపుతుంది. ఈ లెక్కను నమ్మి ముందుకు సాగారు. పూర్తయిన ఓడ 27 నాట్ల వేగాన్ని, అంటే గంటకు 50 కిలోమీటర్లను అందుకొన్నది. చిన్నదైన నీలగిరితో పోలిస్తే పోయిన వేగం స్వల్పం. గోదావరి రూపకల్పనలో నిజమైన ప్రతిభ ఎక్కడున్నదని అడిగితే ఈ లెక్కలోనే ఉన్నదని చెప్పాలి.

రెండవ చిక్కు ఆయుధాలది. ఓడ నుంచి ఓడ మీదికి పేల్చే నాలుగు క్షిపణులు, విమానాలను కూల్చే ఓసా క్షిపణులు, ముందువైపు 57 మిల్లీమీటర్ల జంట ఫిరంగి, 30 మిల్లీమీటర్ల చిన్న ఫిరంగులు, ఇవన్నీ సోవియట్ రష్యావి. యంత్రాలూ దేహపు పద్ధతీ బ్రిటిష్ సంప్రదాయానివి. యుద్ధ సమాచారాన్ని కూర్చే కంప్యూటర్ వ్యవస్థ ఇటలీది. హెలికాప్టర్లలో సీకింగ్ బ్రిటన్‌ది, చేతక్ బెంగుళూరులో తయారైనది. రష్యా పరికరాలకు కావలసిన విద్యుత్తు ఒక తీరు, తక్కినవాటికి కావలసినది మరొక తీరు. ఒకరి పరికరం లోగుట్టు మరొకరికి చెప్పరు. ఆనాటి ప్రపంచంలో ఈ దేశాలు రెండు శత్రు శిబిరాలుగా చీలి ఉన్నాయి. వారి యంత్రాలను ఒకే ఓడలో, ఒకదానితో ఒకటి మాట్లాడుకొనేటట్టు అమర్చే బాధ్యత భారతీయ ఇంజనీర్ల మీద పడింది. వేరే దారి లేక చేసిన పనే అయినా, ఆ పని మరెక్కడా నేర్పేది కాదు.

సోనార్ విషయంలో దేశం స్వంత కాళ్ల మీద నిలిచింది. కొచ్చిలోని నౌకాదళ భౌతిక, సముద్ర విజ్ఞాన ప్రయోగశాలలో నౌకాదళ అధికారి ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ నాయకత్వాన "అప్సోహ్" అనే సోనార్ తయారైంది. దానిని హిమగిరి మీద పరీక్షించారు. అనంతరం గోదావరి తరగతికి అమర్చారు. పాల్‌రాజ్ తదుపరి కాలంలో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, నిస్తంత్రీ సమాచార రంగంలో ప్రపంచఖ్యాతి పొందారు. ఖుక్రీని పోగొట్టుకొన్న నౌకాదళానికి తన చెవులు తానే చేసుకోవడం ఎంత ఊరట కలిగించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ ఓడను "పూర్తిగా స్వదేశీ" అని వర్ణించడం పరిపాటి అయింది. అది అతిశయోక్తి. ఆయుధాలలో హెచ్చు భాగం కొన్నవే. భారతీయమైనది ఓడ మొత్తంగా ఎట్లా ఉండాలనే ఆలోచన, ఆ ఆలోచనను ఉక్కుగా మార్చిన శ్రమ. గోదావరికి అంత కీర్తి చాలు. లేనిది అంటగట్టడం ఆ పనివారికి గౌరవం కాదు.

నిర్మాణం 1978 జూన్ 2న ఆరంభమైంది. 1980 మే 15న జలప్రవేశం, 1983 డిసెంబరు 10న నౌకాదళంలో ప్రవేశం. 1985 డిసెంబరు 30న గంగ, 1988 ఏప్రిల్ 16న గోమతి దాని వెంట వచ్చాయి. అరువు తెచ్చుకొన్న మూడు డిస్ట్రాయర్ల పేర్లే మళ్లీ ఈ మూడు ఫ్రిగేట్లకు పెట్టడం గమనింపదగినది. అప్పు తెచ్చుకొన్న పేర్లను ఆర్జించి తిరిగి నిలబెట్టుకొన్నట్టయింది.

1986 జూలైలో న్యూయార్కు రేవులో స్వాతంత్ర్య దేవతా విగ్రహపు శతాబ్ది ఉత్సవాలు జరిగాయి. అనేక దేశాల నౌకలు పాల్గొన్న ఆ వేడుకకు భారతదేశం పక్షాన గోదావరి అట్లాంటిక్ దాటి వెళ్లింది. రష్యా క్షిపణులు మోసే ఓడ, ఇటలీ కంప్యూటర్‌తో, ఆవిరి యంత్రాల మీద అమెరికా రేవులో లంగరు వేయడం ఆ రోజుల్లో అరుదైన దృశ్యమే.

అసలు పరీక్ష 1988 నవంబరులో వచ్చింది. నవంబరు 3 వేకువన మాల్దీవుల రాజధాని మాలె మీద సాయుధులు విరుచుకుపడ్డారు. అబ్దుల్లా లుత్ఫీ అనే మాల్దీవుల వ్యాపారి, శ్రీలంకకు చెందిన తమిళ తీవ్రవాద సంస్థ ప్లోట్ మనుషులను కిరాయికి తెచ్చి పన్నిన కుట్ర అది. అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ తప్పించుకొని భారతదేశాన్ని సహాయం అర్థించారు. ఆ రాత్రే ఆగ్రా నుంచి బయలుదేరిన విమానాలు ఛత్రీదళాన్ని హుల్‌హులే విమానాశ్రయంలో దింపాయి. సాయుధులకు ఆశ చెడి, ప్రోగ్రెస్ లైట్ అనే సరకుల ఓడను పట్టుకొని, కొందరిని బందీలుగా చేసుకొని శ్రీలంక వైపు పారిపోయారు. బందీలలో ఒక మంత్రి, ఆయన భార్య కూడా ఉన్నారు.

చీకటిలో ఒక సరకుల ఓడను సముద్రంలో వెదకడం తేలిక కాదు. నౌకాదళ విమానాలు దానిని కనిపెట్టి వెంటాడాయి. గోదావరి, బెట్వా దానిని చేరుకొన్నాయి. బెట్వా 1960 నుంచి సేవలో ఉన్న బ్రిటిష్ నిర్మిత ఫ్రిగేట్. గోదావరికి కెప్టెన్ గోపాలాచారి అధిపతి. ఓడను కొట్టి ఆపడం వారి చేతిలో పని. కాని అందులో బందీలున్నారు. సాయుధులు ఆగమంటే ఆగరు, అడిగితే బెదిరిస్తారు. సంప్రదింపులకై మాల్దీవుల ప్రతినిధులను హెలికాప్టర్‌లో గోదావరి మీదికి చేర్చారు. మాటలు సాగుతూనే ఉన్నాయి, ఓడ శ్రీలంక తీరానికి దగ్గరవుతూనే ఉన్నది. దానిని తీరం చేరనిస్తే వ్యవహారం చేయి దాటుతుంది. నవంబరు 6న బలప్రయోగం తప్పలేదు. ఓడకు ముందున్న నీటిలో డెప్త్ చార్జీలు పేల్చారు, ఓడ మీద కాల్పులు జరిపారు. ప్రోగ్రెస్ లైట్ ఆగింది. నావికులు దానిపైకి ఎక్కి సాయుధులను బంధించారు, బతికి ఉన్న బందీలను విడిపించారు. గాయపడినవారిని హెలికాప్టర్లలో తరలించారు. మరునాడు ఆ ఓడ ఒరిగి మునిగిపోయింది.

బందీలందరూ బతకలేదన్నది ఈ కథలో దాచరాని భాగం. కొందరు అప్పటికే సాయుధుల చేతుల్లో చనిపోయారు. ఇంకా ముందే కాల్చవలసిందా, మరికొంతసేపు ఓపిక పట్టవలసిందా అనే ప్రశ్నకు ఒడ్డున కూర్చొని జవాబు చెప్పడం సులభం. రెండు ఫ్రిగేట్ల అధిపతులకు ఆ సౌకర్యం లేదు. లుత్ఫీ పట్టుబడ్డాడు, మాల్దీవులలో విచారణ జరిగి మరణశిక్ష పడింది, దానిని తరువాత యావజ్జీవంగా మార్చారు. పన్నెండేళ్ల క్రితం పాత గోదావరిని దెబ్బతీసిన మాల్దీవుల జలాల తోవలోనే కొత్త గోదావరికి పేరు వచ్చింది.

ఆ తరువాతి ముఖ్య ఘట్టం సొమాలియాది. అంతర్యుద్ధంతో అల్లాడిన ఆ దేశానికి ఐక్యరాజ్యసమితి పక్షాన వెళ్లిన భారత బ్రిగేడ్ 1994 డిసెంబరులో తిరిగి రావలసి వచ్చింది. సైన్యం వెనుదిరిగే వేళే దానికి ఎక్కువ అపాయం. గంగ, గోదావరి, సరఫరా నౌక శక్తి కిస్మాయూ, మొగదిషు తీరాన నిలిచి, హెలికాప్టర్లతో గస్తీ తిరుగుతూ చివరి సైనికుడు ఓడ ఎక్కేవరకు కాపు కాశాయి. ఆపరేషన్ బోల్‌స్టర్ అని దానికి పేరు. తుపాకీ పేల్చకుండా ముగిసిన ఇటువంటి పనులకు చరిత్ర గ్రంథాలలో రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. ఇళ్లకు చేరిన సైనికుల కుటుంబాలకు మాత్రం అది రెండు వాక్యాల సంగతి కాదు.

2008 తరువాత ఏడెన్ సింధుశాఖలో సముద్రపు దొంగల బెడద పెరిగింది. నౌకాదళం వంతులవారీగా ఓడలను గస్తీకి పంపింది. 2011లో గోదావరి కూడా ఆ విధి నిర్వహించింది. అప్పటికి దాని వయసు ఇరవై ఎనిమిది. దాని అనుభవంతోనే కొల్‌కతాలో బ్రహ్మపుత్ర, బెట్వా, బియాస్ అనే మూడు ఫ్రిగేట్లు తయారై 2000–2005 మధ్య సేవలో చేరాయి. 2010లో వచ్చిన శివాలిక్‌తో మజగావ్ ఫ్రిగేట్లు ఆవిరిని విడిచి గ్యాస్ టర్బైన్లకు మారాయి. ఆవిరి ఓడలో బాయిలర్ల దగ్గర పనిచేయడం అంటే ఏమిటో పాత నావికులకే తెలుసు. వేసవిలో ఎర్రసముద్రం మీద ఆ గదుల వేడి మాటలకు అందదు.

2015 డిసెంబరు 23న ముంబయిలో సూర్యాస్తమయ వేళ గోదావరి మీద నౌకాధ్వజాన్ని చివరిసారి దించారు. ముప్పయిరెండేళ్ల సేవ ముగిసింది. గంగ 2018 మార్చి 22న, గోమతి 2022 మే 28న విరమించాయి. గోమతి జ్ఞాపకార్థం లక్నోలో, ఆ నదీతీరాన్నే, ఆరుబయలు ప్రదర్శనశాల ఏర్పాటుకు నౌకాదళం ఉత్తరప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొన్నది.